డ్యూటీ దిగిన జవాను బయటికెళ్లాలంటే

సికింద్రాబాద్‌లో యాప్రాల్, సైనిక్‌పురి, తిరుమలగిరి వైపు ఫౌజీ ఇళ్లు ఎక్కువ. కాంగో నుంచో, దక్షిణ సూడాన్ నుంచో ఐక్యరాజ్యసమితి శాంతి దళం డ్యూటీ ముగించుకుని మనిషి ఇంటికొస్తే చుట్టాలు వేసే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఏడాది ఫారిన్‌లో ఉన్నావు కదా బావా, ఏమేం చూశావు?" "క్యాంపు చూశాను" అంటాడాయన. అందరూ నవ్వేస్తారు. ఆ జవాబులో జోక్ పాలు తక్కువ, నిజం పాలు ఎక్కువ.

గోమా నగరాన్నే తీసుకోండి. కాంగో తూర్పు అంచున, రువాండా సరిహద్దును ఆనుకుని, కివూ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఊరికి కాస్త ఎగువన నైరాగోంగో అగ్నిపర్వతం. 2002లో దాని లావా ఊరి మధ్య నుంచే పారింది, 2021లో పొలిమేర దాకా వచ్చి ఆగింది. పక్కనే కొండ గొరిల్లాలుండే విరుంగా నేషనల్ పార్క్. దేశదేశాలవాళ్లు వేలు పోసి చూడటానికి వచ్చిన చోటు అది. అక్కడ ఏడాది గడిపిన జవాను మాత్రం గొరిల్లాను ఫోన్‌లోనే చూసి తిరిగొచ్చినా ఆశ్చర్యం లేదు.

ఎందుకని అడిగితే "రూల్స్ అంతే" అంటారు. ఆ రూల్స్ ఎవరు పెట్టారు, ఏ భయంతో పెట్టారు, అందులో ఏవి సబబు, ఏవి కావు అన్నది కొంచెం తవ్వి చూడాల్సిన సంగతి.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. "యూఎన్‌లో చేసొచ్చాను" అనే మాట కింద మూడు రకాల మనుషులున్నారు. మొదటివాడు కంటింజెంట్‌తో, అంటే తన బెటాలియన్‌తో కలిసి వెళ్లిన జవాను. వీళ్లే ఎక్కువమంది. క్యాంపులోనే ఉంటారు, అక్కడే తింటారు, ఆయుధంతో డ్యూటీ చేస్తారు. రెండోవాడు మిలిటరీ అబ్జర్వర్. ఈయన అధికారి, ఆయుధం ఉండదు, మిషన్ (ఆ దేశంలో ఐక్యరాజ్యసమితి నడిపే శాంతి వ్యవస్థ) ఇచ్చే రోజువారీ భత్యంతో ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుని, వేరే దేశాల అధికారులతో కలిసి ఉంటాడు. మూడోది సివిల్ ఉద్యోగి. ప్రమాదం ఎక్కువున్న చోట పనిచేసే సివిల్ సిబ్బందికి ఐక్యరాజ్యసమితి ప్రత్యేకంగా విశ్రాంతి సెలవు ఇస్తుంది. చోటు ఎంత కష్టమైనదన్న దాన్ని బట్టి 4, 6, 8 లేదా 12 వారాలకొకసారి, వరసగా 5 పనిదినాలు. ఒకే ఊళ్లో ఉన్నా ఈ ముగ్గురివీ మూడు జీవితాలు. మీ కాలనీలో ఒక అంకుల్ ఆల్బమ్ నిండా సఫారీ ఫొటోలుండి, పక్కింటి హవల్దార్ గారి ఫోన్‌లో వాలీబాల్ కోర్టు తప్ప ఇంకేం లేకపోతే, ఆయనకు తిరగడం రాక కాదు. ఇద్దరూ వెళ్లిన హోదాలు వేరు.

ఈ వ్యాసం ఎక్కువగా ఆ హవల్దార్ గారి గురించే.

క్యాంపు లోపల

కంటింజెంట్ జవాను వినోదంలో పెద్ద వాటా కంచె లోపలే జరిగిపోతుంది. సాయంత్రం గేమ్స్ పరేడ్. మన సైన్యంలో ఆటకు కూడా హాజరు వేస్తారు. మనసు బాగోలేదని బ్యారక్‌లో ముసుగుతన్ని పడుకోవడానికి కుదరదు. వాలీబాల్‌కు ఇంత పేరు ఎందుకంటే స్థలం తక్కువ చాలు, ఒక నెట్టు, ఒక బంతి ఉంటే పన్నెండు మంది చెమట పట్టేదాకా ఆడొచ్చు. గోమా లాంటి నల్లరాతి నేల మీద ఫుట్‌బాల్ మైదానం తయారు చేయడం కన్నా ఇది ఎంతో తేలిక. ఆ పైన టీవీ రూమ్, క్యారమ్స్, చిన్న జిమ్, క్యాంటీన్, మందిర్, పండగొస్తే బడాఖానా, అంటే అందరూ కలిసి తినే విందు. సంక్రాంతికి కంచె లోపల ముగ్గు వేసే తెలుగు కుర్రాళ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసాను లంగర్‌లో (యూనిట్ వంటశాలలో) దాచుకునేవాళ్లు ప్రతి యూనిట్‌లో ఒకరిద్దరైనా ఉంటారు.

బయటివాళ్లకు ఇదంతా టైమ్‌పాస్‌లా కనిపిస్తుంది. కమాండర్‌కు మాత్రం ఇది పనిలో భాగమే. శాంతి దళం డ్యూటీలో తుపాకీ పేలే రోజులు తక్కువ, కాపలా గంటలు ఎక్కువ. అదే గేటు, అదే టవర్, అదే రోడ్డు. విసుగు తలకెక్కిన మనిషి మూడు పనులు చేస్తాడు: నిద్ర పాడు చేసుకుంటాడు, తోటివాడితో గొడవ పెట్టుకుంటాడు, లేదా కంచె బయట ఏముందో చూడాలని రహస్యంగా దారి వెతుకుతాడు. మూడోది జరగకుండా ఉండాలంటే మొదటి రెండూ ఆగాలి. వాలీబాల్ నెట్టు అక్కడ కట్టి ఉండటానికి సగం కారణం ఇదే.

ఈ వినోదానికి డబ్బు ఎవరిదన్నది చాలామందికి తెలియదు. దళాలు పంపిన దేశానికి ఐక్యరాజ్యసమితి ఒక్కో సైనికుడికి నెలకు ఇంత అని తిరిగి చెల్లిస్తుంది. 2018 జులై నుంచి ఆ రేటు 1,428 డాలర్లు, తర్వాత 1,448కి పెరిగింది. ఇది జవాను జేబులోకి వచ్చేది కాదు, ప్రభుత్వానికి వెళ్లేది. జవాను చేతికి మిషన్ నేరుగా ఇచ్చే రోజువారీ ఖర్చు 1.28 డాలర్లు. మన లెక్కలో వంద రూపాయల పైచిలుకు. దీంతో పాటు ప్రతి 6 నెలల్లో 15 రోజుల దాకా విశ్రాంతి సెలవుకు రోజుకు 10.50 డాలర్ల భత్యం. మొత్తం 15 రోజులూ వాడుకుంటే 157 డాలర్ల 50 సెంట్లు. విమానం టికెట్టు ధర తెలిసినవాళ్లకు ఆ మొత్తంతో ఎంత దూరం తిరగొచ్చో విడిగా చెప్పక్కర్లేదు.

ఇవి కాక "వెల్ఫేర్", "ఇంటర్నెట్" అనే పద్దుల కింద కూడా దళం పంపిన దేశానికి డబ్బు వస్తుంది. ఆట సామాన్లు, జిమ్, టీవీ, ఇంటికి మాట్లాడుకునే ఏర్పాటు దేశమే చేయాలి, చేసిందో లేదో మిషన్ తనిఖీ బృందం వచ్చి చూస్తుంది. క్యాంపులో ట్రెడ్‌మిల్ చెడిపోయి మూలన పడి ఉంటే అది ఫైలుకెక్కుతుంది. అలా ఎక్కాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కాసేపట్లో చెప్తాను.

గేటు దాటాలంటే

ఔటింగ్ అంటే మనకు ఆదివారం ట్యాంక్‌బండ్ వెళ్లిరావడం. మిషన్‌లో ఉన్న యూనిట్‌కు అది చిన్న సైజు ఆపరేషన్. ముందు ఆ ప్రాంతం భద్రత ఏ స్థాయిలో ఉందో చూస్తారు. అవుట్ పాస్ మీద పేర్లు, బండి నంబరు, దారి, తిరిగొచ్చే టైమ్ ఉండాలి. ఒంటరిగా వెళ్లకూడదు, గుంపుగానే, వెంట ఒక సీనియర్ ఉండాలి. వైర్‌లెస్ సెట్ ఉండాలి. చీకటి పడే లోపు రోల్ కాల్‌కు హాజరవ్వాలి. ఊళ్లో కొన్ని బార్లు, లాడ్జీలు, సందులు అడుగుపెట్టకూడనివని ముందే జాబితా ఉంటుంది, మిలిటరీ పోలీసులు అక్కడే తిరుగుతుంటారు. యూఎన్ బండిని సొంత పనికి వాడితే ఆ కిలోమీటర్లకు విడిగా లెక్క కట్టే పద్ధతి కూడా మిషన్లలో ఉంది.

ఇంత తతంగం దేనికి? తుపాకీ భయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల చరిత్ర మొత్తంలో శత్రువు దాడుల్లో పోయినవాళ్ల కన్నా ప్రమాదాల్లో పోయినవాళ్లు ఎక్కువ, జబ్బు చేసి పోయినవాళ్లు ఎక్కువ. ప్రాణాలు కోల్పోయిన శాంతి సైనికుల్లో మనవాళ్లు సుమారు 180 మంది, ఏ దేశం కన్నా ఎక్కువ. తెలియని దేశంలో గుంతల రోడ్డు మీద, కొండ మలుపుల్లో, వర్షంలో సరదాగా బండి తోలడం నిజంగానే ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం. ఆఫ్రికాలో చాలా సరస్సుల్లో ఈత మానుకోమంటారు. మొసళ్లు ఒక కారణం, మంచినీటి నత్తల ద్వారా ఒంట్లోకి చేరే బిల్హార్జియా పురుగు ఇంకో కారణం.

దోమ సంగతి చెప్పాలంటే మన ఊరినే తలుచుకోవాలి. మలేరియా క్రిమిని దోమ కడుపులో మొదటిసారి చూసింది రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న, ఇక్కడి బేగంపేటలోనే. ఆయన కూడా సైనిక వైద్యుడే, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పోస్టింగ్ మీద ఉన్నవాడే. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లారేదాకా కుడుతుంది. చీకటి పడే లోపు లోపలికి రావాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి అనే నియమం అనుమానంతో పెట్టిందనుకుని కుర్రాళ్లు విసుక్కుంటారు. అందులో సగం ఎంఐ రూమ్ (యూనిట్ వైద్యశాల) డాక్టర్ మాటే.

పరిస్థితి మారితే ఔటింగ్ అన్న మాటే ఉండదు. లెబనాన్ దక్షిణాన మన బెటాలియన్ 1998 నుంచి ఉంది. బాల్‌బెక్ రోమన్ గుళ్లు, బిబ్లోస్ పాత రేవు లాంటివి ఉన్న దేశం అది. 2023 అక్టోబర్ తర్వాత సరిహద్దులో షెల్లింగ్ మొదలయ్యాక బంకర్‌లోకి పరిగెత్తడమే అక్కడి విహారం. 2025 జనవరిలో గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల చేతికి వెళ్లింది. ఆ ఏడాది అక్కడున్నవాళ్లను సరస్సు బోటు షికారు గురించి అడిగితే మొహం మీదే నవ్వుతారు.

మూడో మనిషి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జవాను క్షేమం కోసం పెట్టినవి. నా ఉద్దేశంలో అసలు ముడి ఇక్కడ లేదు. ఔటింగ్‌ను మనం జవాను హక్కు అనో, కమాండర్ దయ అనో మాట్లాడుకుంటాం. ఆ బేరంలో మూడో మనిషి ఒకడున్నాడు. ఆ ఊరివాడు. చేతిలో డాలర్లు, ఒంటి మీద యూనిఫాం, వెనక ఒక సైన్యం ఉన్న పరదేశి సాయంత్రం బజారులోకి వస్తే ఆ బజారు ఏమవుతుందన్నదే పెద్ద ప్రశ్న.

ఈ ప్రశ్న హైదరాబాద్‌కు కొత్త కాదు, ఎందుకంటే మనం చాలాకాలం ఆ మూడో మనిషి స్థానంలోనే ఉన్నాం. 1798లో నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. 1806లో హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వాళ్ల దండు విడిది చేసిన చోటుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. నెలల తరబడి ఓడలో వచ్చి, ఏళ్ల తరబడి ఈ ఎండలో ఉండిపోయిన తెల్ల సోల్జరుకు సికింద్రాబాదే ఓవర్సీస్ డెప్లాయ్‌మెంట్. అతని ఖాళీ సాయంత్రాల చుట్టూనే ఒక ఊరు పుట్టింది. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్. ఇప్పుడు ఎం.జి. రోడ్డయిన జేమ్స్ స్ట్రీట్, రాష్ట్రపతి రోడ్డయిన కింగ్స్‌వే. అధికారులకు 1878 నుంచి క్లబ్బు, గుర్రప్పందేలు, పోలో. మామూలు సోల్జరుకు క్యాంటీన్, సారా కొట్టు, పరేడ్ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్. హద్దు మీరితే తిరుమలగిరి మిలిటరీ జైలు.

ఇందులో మనకు మిగిలిన మంచీ ఉంది, చెడూ ఉంది. ఫుట్‌బాల్‌ను ఈ నేలకు తెచ్చింది ఆ పటాలాలే. తర్వాత కోచ్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. మద్రాసు పటాలం వెంట కాంట్రాక్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చిన అరవ కుటుంబాలు ఇప్పటికీ సికింద్రాబాద్‌లో ఉన్నాయి. చెడు సంగతి చెప్పుకోవడానికి మనవాళ్లు మొహమాటపడతారు. 1864 కంటోన్మెంట్ చట్టం కింద దండుబజార్లలో వేశ్యావృత్తిని సైన్యమే రిజిస్టర్లు పెట్టి నడిపించింది. ఆడవాళ్లను వారంవారం పరీక్షలకు ఈడ్చేవారు. జబ్బుంటే ఆస్పత్రి పేరుతో బంధించేవారు. సోల్జరును ఎవరూ ఏమీ అనేవారు కాదు. సోల్జరు వినోదం సైన్యం అవసరం కాబట్టి దాని ధర ఊరి ఆడవాళ్లు కట్టాలన్నది ఆ చట్టం లోపలి తర్కం. దండు ఖర్చుకు నిజాం కట్టిన ధర వేరే: హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం బాకీల కింద 1853లో బేరార్‌నే ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పాల్సి వచ్చింది.

ఆ తర్కం ఇంగ్లీషువాళ్లతో పోలేదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఏడాది టూర్‌లో ఒకసారి ఐదారు రోజుల విశ్రాంతి సెలవు ఇచ్చి సోల్జర్లను విమానాల్లో బ్యాంకాక్, హాంకాంగ్, తైపీ, సిడ్నీ లాంటి ఊళ్లకు పంపేది. పెళ్లయినవాళ్లలో చాలామంది హవాయి ఎంచుకునేవారు, భార్యలు అమెరికా నుంచి అక్కడికొచ్చి కలిసేవారు. దీన్ని పద్ధతి ప్రకారం నడిచిన మంచి ఏర్పాటుగా చెప్పేవాళ్లున్నారు. అలసిన మనిషికి ఐదు రోజుల నిద్ర, స్నానం, మంచి తిండి దొరకడం చిన్న విషయం కాదు. కానీ థాయిలాండ్ తీరంలో చేపలు పట్టుకునే పల్లె పటాయా ఇవాళ్టి పటాయా కావడంలో ఆ సోల్జర్ల సెలవులకూ, పక్కనున్న ఉతపావ్ వైమానిక స్థావరానికీ పెద్ద చెయ్యే ఉంది. యుద్ధం 1975లో అయిపోయింది. బజారు మిగిలిపోయింది.

జపాన్‌లోని ఒకినావాలో 1995లో ముగ్గురు అమెరికా సైనికులు పన్నెండేళ్ల పాపపై అత్యాచారం చేశారు. వేలాది మంది రోడ్ల మీదికొచ్చారు, స్థావరాలే ఎత్తేయమన్నారు. 2012లో మళ్లీ అలాంటి నేరమే జరిగితే జపాన్‌లోని అమెరికా బలగాలన్నిటికీ రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా బయట తిరగడం నిషేధించారు. ఎవడో చేసిన పాపానికి వేలమందికి కర్ఫ్యూ ఏమిటని సోల్జర్లు సణుక్కున్నారు. ఆ సణుగుడు అర్థమవుతుంది. ఊరివాళ్ల వైపు నిలబడి చూస్తే కర్ఫ్యూ కూడా తక్కువే.

ఐక్యరాజ్యసమితి ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకుంది. 2003 అక్టోబర్‌లో సెక్రటరీ జనరల్ ఒక బులెటిన్ తెచ్చారు. డబ్బు, ఉద్యోగం, తిండి, వస్తువు దేన్ని ఎరగా చూపినా సరే, దానికి బదులుగా లైంగిక సంబంధం నిషేధం. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లతో ఏ పరిస్థితిలోనూ కుదరదు, వయసు తెలియదన్న సాకు చెల్లదు. కాంగోలో బయటపడిన దారుణాల తర్వాత 2005లో జోర్డాన్ రాజవంశీకుడు జైద్ ఇచ్చిన నివేదిక ఇంకో అడుగు వేసింది. శిక్షలు ఒక్కటే చాలవు, దళాల బస, వినోద సదుపాయాలు కూడా బాగుపడాలని చెప్పింది. ఇందాక ట్రెడ్‌మిల్ ఫైలుకెక్కుతుందన్నానే, దాని మూలం ఇక్కడుంది. క్యాంపులో పనికొచ్చే జిమ్, ఇంటికి కలిసే ఫోన్ ఉండటం బజారులో ఒక ఆడపిల్ల భద్రతకు సంబంధించిన విషయమని ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

మనవాళ్లకు ఇదేం పట్టదని అనుకోనక్కర్లేదు. 2008లో కాంగోలోని భారత దళం మీద కూడా ఇలాంటి ఆరోపణలొచ్చాయి, సైన్యం విచారణ జరిపింది. బాధితుల సహాయ నిధికి మొదటగా లక్ష డాలర్లు ఇచ్చిన దేశం మనదే. రెండు సంగతులూ పక్కపక్కనే గుర్తుంచుకోవాలి.

భయం ముసుగేసుకున్న రూల్స్

అయితే గేటు దగ్గర ఆపే ప్రతి నియమమూ ఊరి మంచికో జవాను మంచికో పుట్టిందని నేననను. 1914 చివర్లో ఫ్రాన్స్‌లో గాయపడిన మన సిపాయిలను ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌కు తెచ్చి, రాజుల ప్యాలెస్‌ను ఆస్పత్రిగా మార్చి అందులో పెట్టారు. ఆ ఫొటోలు ప్రచారానికి తెగ వాడుకున్నారు. అదే ఊళ్లో ఇంకో పెద్ద ఆస్పత్రి కిచెనర్ ఇండియన్ హాస్పిటల్‌లో మాత్రం చుట్టూ ముళ్లకంచె వేసి కాపలా పెట్టారు. కోలుకుంటున్న సిపాయి తనంతట తాను ఊళ్లో నడవడానికి వీల్లేదు. తెల్ల ఆడవాళ్లతో మాట కలుపుతారని భయం. సామ్రాజ్యం కోసం కాలు పోగొట్టుకున్నవాడికి సముద్రపు ఒడ్డున పది నిమిషాల నడక దొరకలేదు.

ఆ యుద్ధంలోనే హైదరాబాద్ లాన్సర్లు (ఈటెల గుర్రపు దళం) మైసూరు లాన్సర్లతో ఒకే బ్రిగేడ్‌లో ఈజిప్ట్, పాలస్తీనాల్లో నాలుగేళ్లు గడిపారు, జోధ్‌పూర్ లాన్సర్లు 1918లో ఫ్రాన్స్ నుంచి వచ్చి అందులో కలిశారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల దళాలవే. సూయెజ్ కాలువ కాపలాలో, ఎడారి క్యాంపుల్లో వాళ్ల సెలవు రోజులు ఎలా గడిచాయన్నది ఏ శిలాఫలకం మీదా ఉండదు. మన చరిత్ర రాతల్లో యుద్ధం రోజు ఉంటుంది, ఖాళీ రోజు ఉండదు.

అమెరికావాళ్ల జనరల్ ఆర్డర్ నంబర్ 1 ఇంకో రకం ఉదాహరణ. గల్ఫ్ యుద్ధం నాటి నుంచి ఆ ప్రాంతంలోని సైనికులకు మద్యం, జూదం, అశ్లీల చిత్రాలు, ముస్లింలు కానివాళ్లు మసీదులోకి వెళ్లడం నిషేధం. ఆతిథ్య దేశం మతానికి మర్యాదగా వీటిని అర్థం చేసుకోవచ్చు. అందులోనే కుక్కపిల్లను పెంచుకోకూడదని, దానికి తిండి పెట్టకూడదని కూడా ఉంది. రేబిస్ భయం నిజమే. అయినా ఆ ఒక్క నియమాన్ని లోకంలో ఏ క్యాంపూ పూర్తిగా పాటించి ఉండదని నా నమ్మకం.

మద్యం విషయంలో సైన్యాలు పెట్టుకునే లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. అమెరికా నౌకల్లో 1914 నుంచి మద్యం లేదు. కానీ 45 రోజులు వరసగా రేవు చూడకుండా సముద్రంలో ఉంటే మనిషికి రెండు బీర్లు ఇచ్చే ఆనవాయితీ ఉంది. బ్రిటిష్ నేవీ నావికులకు రోజూ పోసే రమ్మును 1970 జులై 31న ఆపింది. ఇక మన విశాఖ నుంచి వెళ్లే నావికులకు రేవు చేరితే లిబర్టీ, అంటే ఊళ్లోకి వెళ్లే అనుమతి, ఉంటుంది. అదీ సగం మందికే, మిగతా సగం ఓడను కనిపెట్టుకుని ఉండాలి. వంతు వచ్చేసరికి ఓడ లంగరు ఎత్తేసిన కథలు నేవీ ఇళ్లలో బోలెడు.

ఫోన్ అనే కొత్త గేటు

ఈ మధ్య అసలు ఔటింగ్ కాళ్లతో కాదు, ఫోన్‌తో జరుగుతోంది. గోమాకూ మనకూ మూడున్నర గంటల తేడా. అక్కడ రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి ఫోన్ తీస్తే యాప్రాల్‌లో అర్ధరాత్రి పన్నెండున్నర. పిల్లలు పడుకుని ఉంటారు. తెల్లారే స్కూలు టైమ్‌కు మాట్లాడాలంటే అక్కడ ఇంకా నాలుగు. ఈ తేడా వల్ల ఇంట్లో వచ్చే చిన్న చిన్న అలకలు, టెన్షన్లు ఏ వెల్ఫేర్ పద్దులోనూ లెక్కకు రావు, అయినా మర్నాడు కాపలా నిలబడే మనిషి నిద్ర మీద పడతాయి.

సైన్యానికి ఫోన్ మీద వేరే భయం ఉంది. 2018 జనవరిలో ఒక సంగతి బయటపడింది. జాగింగ్ దూరాలు లెక్కపెట్టే స్ట్రావా యాప్ తన వాడకందారుల పరుగు దారులన్నీ కలిపి ప్రపంచ పటం వేస్తే, చీకటి ఎడారుల మధ్య సైనిక స్థావరాల చుట్టుకొలతలు వెలుగు గీతలుగా కనిపించాయి. ఒంటి బాగు కోసం క్యాంపు చుట్టూ పరిగెత్తినవాడే క్యాంపు నక్షా గీసిచ్చాడన్న మాట. మన సైన్యం 2020 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లను తీసేయమంది. పరిచయం లేని అమ్మాయి పేరుతో వచ్చే ఫ్రెండ్ రిక్వెస్ట్ వెనక ఎవరుంటారో ఫౌజీలందరికీ క్లాసులో చెప్తారు. ఒంటరితనం ఎంతుంటే ఆ వల అంత బాగా పనిచేస్తుంది. అందుకే ఫోన్లు లాక్కోవడం కన్నా, ఇంటివాళ్లతో తీరికగా మాట్లాడుకునే వేళ, చోటు, సిగ్నల్ ఇవ్వడం మేలని నాకనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం

తిరుగు ప్రయాణాన్ని కూడా వినోదంలో భాగంగా చూడటం కొన్ని సైన్యాలకు అలవాటైంది. 2002లో అఫ్ఘానిస్తాన్ నుంచి వస్తున్న కెనడా దళాన్ని నేరుగా ఇంటికి పంపకుండా గువామ్ ద్వీపంలో కొన్ని రోజులు ఆపారు. బ్రిటిష్ వాళ్లు తర్వాత సైప్రస్‌ను అలా వాడారు. ఒకటి రెండు రోజులు బీచ్, ఈత, లెక్కపెట్టి ఇచ్చే బీరు, ఒక కామెడీ షో, మధ్యలో మానసిక వైద్యులతో మాటలు. సామాన్లు, ఆయుధాలు ముందే అప్పగించేస్తారు. పూర్వం యుద్ధం నుంచి ఓడలో వారాలపాటు తిరిగొచ్చేటప్పుడు మనసు దానంతటదే కుదుటపడేది, విమానం వచ్చాక ఆ వ్యవధి పోయింది, దాన్నే ఇలా తయారు చేసుకుంటున్నామని వాళ్ల వాదన. జబ్బులు నిజంగా తగ్గుతాయా అన్న వాదులాట పక్కనపెడితే, ఇంటి గుమ్మం ముందు ఒక రాత్రి మజిలీ ఉండాలన్న ఆలోచన నాకు నచ్చింది.

మన జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి. వాటిని మిషన్ ముందు, తర్వాత ఎలా సర్దుకోవాలన్నది యూనిట్ వీలును బట్టి ఉంటుంది. మధ్యలో విశ్రాంతి సెలవు దొరికితే దాదాపు అందరూ ఊరు చూడటానికి కాకుండా ఇంటికి రావడానికే వాడుకుంటారు. అప్పుడే బావమరిది పెళ్లి, గృహప్రవేశం, పాప చెవులు కుట్టించడం, బ్యాంకు పని, యాదగిరిగుట్ట మొక్కు అన్నీ ఆ పదిహేను రోజుల్లోనే పెట్టుకుంటాం. మొదటి నాలుగు రోజులు ఏ ఫంక్షనూ పెట్టకుండా వదిలేయగలిగితే అదే మన ఇంటి సైప్రస్. పైగా సగంలో ఒకసారి వచ్చి వెళ్లడమంటే పిల్లలకు వీడ్కోలు రెండుసార్లు చెప్పాలి. రెండోది మొదటిదాని కన్నా కష్టమని ఫౌజీ ఇల్లాళ్లు చెప్తారు. స్కూలు పరీక్షల వారంలో ఆ ప్రయాణం పడకుండా చూసుకోవడం కుదిరితే మంచిది. సెలవు తేదీలు కంపెనీ కమాండర్ దగ్గర ఖాయం కాకముందే ఆ మాట ఇంటి నుంచి వెళ్లాలి, తర్వాత మార్చడం కష్టం.